చెవులు కోసిన పందులు

మిస్సౌరీలో తొలి రోజుల సెటిలర్ల సభ జరిగిందని మొన్న పేపర్లో చదివాను. ఒక ముసలాయన లేచి, మోర్మన్లనే కొత్త క్రైస్తవ శాఖవాళ్ళని ఆ ప్రాంతం నుంచి ఎలా తరిమారో కుందేళ్ళ వేట చెప్పినట్టు చెప్పాడట. అందరూ చప్పట్లు కొట్టి, వేయించిన కోడి తిని, ఇళ్ళకి వెళ్ళారట. కిందటేడు మోర్మన్ బోధకుడొకడు మా గుమ్మంలో నిలబడి అదే కథ కళ్ళనీళ్ళతో చెప్పాడు. అతని కథలో మా మోర్మన్లంతా గొర్రెపిల్లలు, అవతలివాళ్ళంతా తోడేళ్ళు. ఇద్దరి కథల్లోనూ పందులు లేవు. మా అమ్మ లేదు. పేపరు మడిచి పొయ్యిలో పెట్టాను.

అది పద్దెనిమిది వందల ముప్ఫై ఎనిమిది. నాకు పదకొండేళ్ళు. ఆ ఎండాకాలం చివర మొదలై చలికాలం ముగిసేలోపు మా ఇల్లు రెండు ముక్కలైంది. ఇప్పటికీ వీధిలో ఎవరైనా బండిలో సామాన్లు సర్దుతుంటే నాకు కాళ్ళు నిలవవు. ఎవరు వెళ్తున్నారు, ఎవరు మిగిలిపోతున్నారు అని గుమ్మంలోకి వచ్చి చూస్తాను.

ప్లమ్ వాగు పక్కన మా టటిల్ వాళ్ళ ఇల్లు. కంచెకి అవతల స్ట్రౌడ్ వాళ్ళు. మేము ఒహైయో నుంచి వచ్చిన మోర్మన్లం, మాలో మేము పరిశుద్ధులం అని పిలుచుకునేవాళ్ళం. వాళ్ళు కెంటకీ నుంచి వచ్చినవాళ్ళు, తమని తాము ఏమీ పిలుచుకునేవాళ్ళు కాదు.

ఆ ఎండాకాలం వాగు పొడుగునా చలిజ్వరం. అమ్మ రోజు విడిచి రోజు దుప్పట్ల కింద వణుకుతూ పడుకునేది. పాలు ఎండిపోయాయి. మా తమ్ముడు ఈలై నాలుగు నెలలవాడు. ఆవుపాలు పడితే కక్కేసేవాడు. ఏడ్చి ఏడ్చి, చివరికి ఏడవడానికి కూడా ఓపిక లేక పిల్లిపిల్లలా మూలుగుతూ ఉండేవాడు. కంచె అవతల పెర్మీలియా స్ట్రౌడ్ ఆ నెలలోనే తన పసిపిల్లని మట్టిలో పెట్టింది.

ఒక పొద్దున్న ఆవిడ కంచె దాటి వచ్చేసింది. నోట్లో మట్టి పైపు, జాకెట్టు ముందంతా తడి.

“వాడి మూలుగు మా ఇంట్లోకి వినిపిస్తోంది. నా వల్ల కావడం లేదు. ఇటివ్వండి.”

అమ్మ మంచం మీంచే పిల్లాణ్ణి అందించబోయింది. నాన్న మధ్యలోకి వచ్చాడు. మా సంఘంలో పొగాకు తప్పు. నాన్న ఆ పైపు వంక చూసి, “పొగతాగే మనిషి పాలు...” అని నసిగాడు.

పెర్మీలియా పైపు తీసి కిటికీ గట్టు మీద పెట్టింది. “అయితే మీ బిషప్పు గారిని అడుగు, టటిలూ. ఆయన దగ్గర పొగ కంపు ఉండదుగా. ఆయనకేమైనా వస్తాయేమో!”

పళ్ళు టకటకలాడే వణుకులోనే అమ్మ పకపకా నవ్వింది. ఆ నవ్వు చూసి నాన్న పక్కకి తప్పుకున్నాడు. ఈలై ఆవిడ రొమ్ము పట్టుకుని, మునిగిపోతున్నవాడు తాడు పట్టుకున్నట్టు తాగాడు. పెర్మీలియా వాడి నెత్తి మీదుగా గోడ వంక చూస్తూ కూచుంది. ఆవిడ గడ్డం అదరడం నేను చూశాను. చూసినట్టు తెలిస్తే తిడుతుందని తల దించుకున్నాను.

అప్పట్నుంచి పొద్దునా సాయంత్రం వాణ్ణి ఎత్తుకుని కంచె దాటడం నా పని. ఆవిణ్ణి పిన్నీ అనేదాన్ని. “ఇదిగో, మీ బిషప్పు కొడుకొచ్చాడు” అంటూ చేతులు చాపేది. వాడికి బుగ్గలొచ్చాయి. అమ్మ లేచి తిరగసాగింది గాని పాలు మాత్రం మళ్ళీ రాలేదు.

ఆ దేశంలో పందుల్ని కట్టేసి మేపరు. అడవిలోకి తోలేస్తే ఓక్ కాయలు తిని వాటంతటవే బలుస్తాయి. ఏది ఎవరిదో తెలియడానికి చెవికి గాట్లు పెడతారు. స్ట్రౌడ్ వాళ్ళది ఎడమ చెవి కొసన రెండు గాట్లు. మనిషి మాట మీద అనుమానం వస్తే రావచ్చు గాని, చెవి గాటు మీద ఎవరికీ అనుమానం రాదు. ఆ వసంతంలో పిన్ని మొగుడు జెబ్ స్ట్రౌడ్ తన చూడి పంది ఒకదాన్ని నాన్నకి సగం వాటాకి ఇచ్చాడు. చూసుకునేది మేము. పిల్లలన్నిటికీ తన గాట్లే పెట్టి, మంచు కురవడం మొదలయ్యాక ఇద్దరూ కలిసి పంచుకోవాలి. ఆ వైపు అందరూ చేసే పద్ధతే.

ఈలోపు మా బిషప్పు ఫర్నమ్ గారు ఇంటింటికీ వచ్చారు. ఎవరికున్న మిగులు వాళ్ళు దేవుడికి సమర్పించాలి, అది సంఘం కొట్టుకి చేరాలి, అందులోంచి లేనివాళ్ళకి పంచాలి. వినడానికి ఎంత బాగుందో! నాన్న కళ్ళు మెరిశాయి. మా దగ్గర మిగిలినవేం లేవు, ఆ పందులు తప్ప. మర్నాడే బిషప్పు గారి మనిషిని తోడు తీసుకుని అడవిలోకి వెళ్ళి, తన వాటాకి వస్తాయనుకున్న పందుల్ని పట్టి, సంఘం గుర్తు పెట్టేశాడు. సంఘం గుర్తు ఎడమ చెవి కొస మొత్తం కోసెయ్యడం.

అమ్మ గిన్నె తోముతూ ఆగింది. “స్ట్రౌడ్‌కి చెప్పారా?”

“చెప్పడానికేముంది? సగం మనదేగా. మన సగమే కోశాను.”

“ఏ సగం మనదో వాళ్ళూ చూడాలిగా.”

“దేవుడికిచ్చేదానికి అన్యుల సాక్ష్యం ఎందుకు, కెజాయా?”

కొస కోసేస్తే దాని మీదున్న గాట్లు కూడా పోతాయి. ఆ దేశంలో చెవి అలా కోసేవాడు దొంగ ఒక్కడే. నాన్న ఒహైయోలో బల్లలూ కుర్చీలూ చేసుకున్న మనిషి, ఆయనకా సంగతి తెలియదు. తెలిసినా ఆగేవాడు కాదేమో. దేవుడి పేరు చెప్పుకున్నాక నాన్నకి ఇక పక్కింటి గోడ కనిపించేది కాదు.

జెబ్ స్ట్రౌడ్ మా వాకిట్లోకి ఒక పందిపిల్లని వెనక్కాళ్ళు పట్టుకుని ఈడ్చుకొచ్చాడు. చెవి మీద నెత్తురు గడ్డకట్టి ఈగలు ముసిరాయి. వెనకాల అతని బావమరిది ఒకడు, వినోదం చూడ్డానికొచ్చినట్టు.

“టటిలూ, దీని చెవేది?”

“అది నా వాటాది, జెబ్.”

“మనం పంచుకున్నామా?”

“ఎలాగూ పంచుకునేవాళ్ళమే కదా. నీ సగం నీకు అడవిలో ఉంది, వెళ్ళి చూసుకో.”

“ఓహో. నా సగం ఏదో నువ్వే తేలుస్తావు. నా గాట్లు నువ్వే కోస్తావు. ఇంతకీ ఇది మీ దేవుడి దగ్గరికి తనంతట తనే నడిచెళ్ళిందా, ఆయనే దిగొచ్చి పట్టుకెళ్ళాడా?”

బావమరిది కిసుక్కున నవ్వాడు. “కెంటకీలో ఇలా చెవి కోసినవాడికి వాడి చెవే కోసేవాళ్ళు.”

“మనం ఉన్నది మిస్సౌరీలో,” అన్నాడు నాన్న. గొప్ప మాట అన్నాననుకుని మా వైపు చూశాడు కూడా.

అమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. “జెబ్, తప్పు మాది. అన్నిటినీ తోలుకుపో. మాకొక్కటీ వద్దు.”

జెబ్ మొహం కాస్త సర్దుకుంది. ఏదో అనబోయాడు కూడా. అంతలో నాన్న, “దేవుడి చేతిలో పెట్టింది వెనక్కి తీసుకునే హక్కు నాకు లేదు, నీకసలే లేదు,” అన్నాడు. జెబ్ పందిపిల్లని అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. అది మా వాకిట్లో గిరగిరా తిరుగుతూ తల గోడకేసి రుద్దుకుంది.

ఇంకో ఏడాదైతే అది రెండిళ్ళ మధ్య తగాదాగా ఉండి చల్లారిపోయేది. ఆ ఏడు అలా కాదు. ఎన్నికల రోజు మావాళ్ళని ఓటు వెయ్యనీయకుండా కర్రలతో కొట్టారని పై ఊరి నుంచి వార్త వచ్చింది. తర్వాత గడ్డివాములు తగలబడ్డాయి. మావాళ్ళూ ఊరుకోలేదు. పక్క కౌంటీకి గుంపుగా పోయి ఒక దుకాణం తగలబెట్టి, ఇళ్ళల్లో పడి, దొరికింది బండ్లకెత్తుకొచ్చారు. ఆ సామానంతా బిషప్పు గారి కొట్టులో దించి, అది కూడా దేవుడికి సమర్పణే అన్నారు. లేనివాళ్ళకి పంచేటప్పుడు మాకొక ఈకల పరుపు వచ్చింది. దాని మధ్యలో ఎవరి బిడ్డో ఉచ్చ పోసిన మరక, ఇంకా పూర్తిగా ఆరలేదు. అమ్మ దాన్ని గుమ్మం లోపలికి రానివ్వలేదు. “దేవుడు దీని మీద పడుకుంటాడా?” అని అడిగింది. నాన్న దాన్ని ఈడ్చుకెళ్ళి కొట్టంలో వేశాడు. వర్షానికి తడిసి, కుళ్ళి, అక్కడే కంపు కొట్టింది.

ఇంత జరుగుతున్నా ఈలై రోజూ కంచె దాటుతూనే ఉన్నాడు. ఒకనాడు మధ్యాహ్నం వాగు కింది వైపు తుపాకులు పేలాయి. వాణ్ణి తీసుకురావడానికి వెళ్తే పెర్మీలియా పిన్ని తలుపు సగమే తీసి, “ఇవ్వాళ వీణ్ణెత్తుకుని బయట తిరక్కు. ఇక్కడే ఉంటాడు, నువ్వు పరిగెత్తు,” అంది. మర్నాడు వెళ్తే కంచె దగ్గర జెబ్ నిలబడి ఉన్నాడు.

“వెనక్కి పో పిల్లా.”

“తమ్ముడు, బాబాయ్...”

“తింటున్నాడు, తాగుతున్నాడు. మీ ఇంట్లో కంటే బాగానే ఉన్నాడు. పో.”

కిటికీలో పిన్ని కనిపించింది. ఈలై ఆవిడ భుజం మీద ఉన్నాడు. వాడు నన్ను చూడలేదు.

తర్వాత సైనికులొచ్చారు. మావాళ్ళ తుపాకులు కుప్పగా పోయించుకున్నారు. యుద్ధం ఖర్చులకని మా పొలాలు రాయించుకున్నారు. మోర్మన్లెవరూ రాష్ట్రంలో ఉండకూడదని గవర్నరు ఉత్తర్వు. సైనికులకి పొద్దుపోక మా పందుల్ని కాల్చారు. తినడానికి కాదు. ఏది ఎక్కువ దూరం పరిగెత్తి పడుతుందని పందెం. చెవులు కోసినవీ కోయనివీ అన్నీ ఒకటే వరసన వాగు ఒడ్డున పడ్డాయి, పొట్టలుబ్బి, కాళ్ళు పైకి. ఆ వారం ఎండ కాసింది. వాగు నీళ్ళ మీద నూనెలా జిడ్డు తేలింది. మేము ఆ నీళ్ళే కాచుకుని తాగాం. ఇప్పటికీ పంది కొవ్వు కరిగే వాసన వస్తే నేను బయటికెళ్ళి నిలబడతాను.

మేమింకా ఇంట్లో ఉండగానే ఇల్లు చూసుకోవడానికి వచ్చేవాళ్ళు. ఒకావిడ తన మూరతో కిటికీ కొలిచింది. బూట్ల బురదతో మంచం దాకా వచ్చి, రొట్టె కాల్చే ఇనప పెనం మూత ఎత్తి చూసి, “ఇది బరువు కదమ్మా, దారిలో మీకెందుకు? వదిలెయ్యకూడదూ?” అని మంచిగా అడిగింది. తిట్టినవాళ్ళ మొహాలు మర్చిపోయాను. ఆవిడ మొహం మర్చిపోలేదు.

బండి సర్దుకుంటుంటే జెబ్ కంచె అవతల నుంచి కబురు చెప్పాడు. పిల్లాణ్ణి ఇస్తాడు. కాని ముందు నాన్న వెళ్ళి, మిల్లు దగ్గర అందరి ముందూ నిలబడి, నేను స్ట్రౌడ్ పందుల్ని దొంగిలించాను అని చెప్పాలి.

సైనికులు రాయించుకున్న మా పొలం అతనికి వచ్చేసింది. ఇల్లు ఎలాగూ వస్తుంది. అదంతా దోపిడీ అని అతనికి లోపల తెలుసు. దొంగలు మేమని మేమే చెబితే అది దోపిడీ కాకుండా పోతుంది. మా సొత్తుతో పాటు మా దగ్గరున్న నిజం కూడా అతనికి కావలసి వచ్చింది.

నాన్న బిషప్పు గారిని పిలుచుకొచ్చాడు. సగం ఖాళీ అయిన ఇంట్లో ముగ్గురూ నిలబడే మాట్లాడుకున్నారు.

“ఒక్క పరిశుద్ధుడు నోరు జారినా చాలు, సిస్టర్,” అన్నారు బిషప్పు గారు. “మనమంతా దొంగలమని దేశమంతా చాటుతారు.”

“దొంగలమని ఇప్పటికే చాటారుగా. కొత్తగా పోయేదేముంది?”

“దొంగిలించలేదు కాబట్టి దొంగిలించానని చెప్పను,” అన్నాడు నాన్న. “అబద్ధమాడి బిడ్డని కొనుక్కోమని దేవుడు చెప్పలేదు. ఆయనే ఇప్పిస్తాడు, కెజాయా. అబ్రహాముకి కొడుకుని తిరిగి ఇవ్వలేదా?”

అమ్మ ఆయన వైపు తిరిగింది. “అబ్రహాము కొడుకు వెంటే కొండెక్కాడు. పక్కింట్లో వదిలేసి బండి కట్టుకుని పోలేదు.”

బిషప్పు గారు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలెట్టారు. నాన్న మోకాళ్ళ మీద కూచున్నాడు. అమ్మ శాలువా కప్పుకుని, నా చెయ్యి పట్టుకుని, ఆ ప్రార్థన మధ్యలోంచే బయటికి నడిచింది.

మిల్లు దగ్గర జనం. మొక్కజొన్న ఆడించుకోవడానికొచ్చినవాళ్ళు, ఊరికే వచ్చినవాళ్ళు. ఎవరో నిప్పు వేసి మాంసం కాలుస్తున్నారు. అమ్మ బండరాయి పక్కన నిలబడింది. జెబ్ ముందుకొచ్చాడు.

“నీ మొగుడేడి?”

“నేను చెప్తాను. చాలదా?”

జెబ్ చుట్టూ చూశాడు. ఎవరో “చెప్పనీ, చెప్పనీ, ఆ ఇంట్లో మగాడు ఆవిడే,” అన్నారు. నవ్వులు.

“మీ పందుల్ని మేమే దొంగిలించాం,” అంది అమ్మ. చదివినట్టు, స్పష్టంగా.

“ఎన్ని?” అన్నాడు ఒకతను, మాంసం నములుతూ.

అమ్మ దానికి సిద్ధపడి రాలేదు. “మీరు ఎన్నంటే అన్ని.”

మళ్ళీ నవ్వారు. కాని ఈసారి అందరూ కాదు. అక్కడున్నవాళ్ళలో సగం వాటా పద్ధతి తెలియనివాడు లేడు. చెవి కోసింది ఎవరో, ఎందుకో కూడా చాలామందికి తెలుసు. ఆమె అబద్ధం ఆడుతోందని అందరికీ తెలిసే నిలబడి విన్నారు. విని, మాంసం ముక్క తిరగేసుకున్నారు.

పెర్మీలియా బండి మీంచి దిగి వచ్చింది. మొగుడి వంక చూసి కాళ్ళ దగ్గర తుపుక్కున ఉమ్మింది. “అయిందా జెబ్? కడుపు నిండిందా?” అంది. ఈలైని అమ్మ చేతుల్లో పెట్టింది. వాడు అమ్మని చూసి, ఎవరో అనుకుని, వెనక్కి తిరిగి పెర్మీలియా మీదకి వాలి గుక్కపట్టాడు. వాడి ఏడుపుకి ఆవిడ జాకెట్టు మళ్ళీ తడిసింది. రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, “తీసుకుపోవే తల్లీ, ముందు ఇక్కణ్ణించి తీసుకుపో,” అంది. మేము మలుపు తిరిగేదాకా ఆవిడ మాకు వీపు తిప్పే నిలబడి ఉంది. ఆవిణ్ణి మళ్ళీ చూడలేదు.

బండ్లు గడ్డకట్టిన బురద మీద తూర్పుకి సాగాయి. గుడ్డ తడిపి ఆవుపాలు పిండితే ఈలై మొదట్లో మొహం తిప్పుకున్నాడు, తర్వాత ఆకలికి లొంగాడు. నాన్న ఎద్దుల పక్కన నడిచాడు. అమ్మ బండి వెనక నడిచింది. దారిలో మావాళ్ళ ఆడవాళ్ళు నీళ్ళ దగ్గర మాట్లాడుతూ అమ్మ రాగానే మానేసేవాళ్ళు. మిల్లు దగ్గర ఆమె అన్న మాట మాకంటే ముందే సరిహద్దు నది దాటింది.

ఇల్లినాయిలో ఊరివాళ్ళు జాలిపడి మాకు ఒక పొగాకు గోడౌను ఇచ్చారు. నేలంతా పొగాకు పొడి. మా పెద్దవాళ్ళు దాని మీద బెంచీలు వేసుకుని ఆరాధన పెట్టారు. ఆకులు చిగురించే ముందు ఒక ఆదివారం, పాటలయ్యాక, బిషప్పు గారు అమ్మ పేరు పిలిచారు. ఆమె ఈలైని చంకనేసుకుని లేచింది.

“సిస్టర్ టటిల్, శత్రువుల ముందు నువ్వు పరిశుద్ధుల్ని దొంగలన్నావు. అది అబద్ధం. అవునా?”

“అవును, అబద్ధం.”

“పశ్చాత్తాపపడుతున్నానని చెప్పు. అందరం క్షమిస్తాం. మరిచిపోతాం.”

ఆయన గొంతు నిజంగానే మెత్తగా ఉంది. నాన్న మగవాళ్ళ వైపు ముందు బెంచీలో ఉన్నాడు. ఆయన మెడ వెనక చెమట కనిపిస్తోంది. అమ్మ ఈలైని ఇంకో చంకకి మార్చుకుంది.

“బిడ్డ కోసం రేపు ఎవరైనా అడిగితే రేపు కూడా ఆ అబద్ధమే చెప్తాను,” అంది. “ఆ కొట్టులోకి వచ్చిన పరుపుల గురించి కూడా పశ్చాత్తాపపడతారా, అందరం కలిసి? అలాగైతే నేనూ పడతాను.”

ఎవరో గట్టిగా దగ్గారు. బిషప్పు గారి మొహం ఎర్రబడింది. మా సంఘంలో ఏ నిర్ణయమైనా అందరూ కుడిచెయ్యెత్తి ఒప్పుకోవాలి. “సిస్టర్ కెజాయా టటిల్‌ని సంఘం నుంచి వేరు చెయ్యడానికి ఒప్పుకునేవాళ్ళు గుర్తు చూపించండి,” అన్నారు.

బెంచీ తర్వాత బెంచీ చేతులు లేచాయి. జ్వరంలో అమ్మ గంజి పోసి బతికించినవాళ్ళ చేతులు కూడా. నాన్న చెయ్యి చివర్న లేచింది. కాని లేచింది.

అమ్మ వెనకనుంచి నడుచుకుంటూ ముందు బెంచీ దాకా వెళ్ళింది. ఈలైని నాన్న ఒళ్ళో కూచోబెట్టి, చేతులు తీసేసి, నిలబడింది. వాడు జారిపోతున్నాడు. నాన్న ఎడంచేత్తో వాణ్ణి పొట్టకి అదుముకున్నాడు. బిషప్పు గారు లెక్కపెట్టడం అయ్యేదాకా కుడిచెయ్యి మాత్రం దించలేదు.